ఎన్టీఆర్ భరోసా ఇంటింటి పింఛను: గోదావరి డెల్టాలో సేవ ఎలా ఉంది, ఎక్కడ ఆగుతోంది

సొమ్ము చేతికి అందించడంలో ఇంత నికరంగా నడిచే ప్రభుత్వ సేవ కోనసీమలో మరొకటి కనిపించదు. కొత్తవాళ్లను చేర్చుకోవడంలో మాత్రం ఇదే సేవ బాగా వెనకబడింది. పింఛను ఇప్పటికే ఉన్న మామ్మకి ఒకటో తారీఖు పొద్దున్నే గుమ్మం దగ్గర డబ్బు ముడుతుంది. నలభై ఏళ్లకే భర్త పోయి, ఇంట్లో ఇంతకుముందు ఏ పింఛనూ లేని ఆడమనిషికి మాత్రం దరఖాస్తు ఎప్పుడు తీసుకుంటారో గ్రామ సచివాలయంలో అడిగినా గట్టి జవాబు దొరకడం కష్టం. శాసనసభలోనూ మండలిలోనూ ఈ పథకం మీద వాదన జరిగినప్పుడు ఎంత పెంచాం, ఎంతమందికి తీసేశారు అన్న రెండు మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. గుమ్మం దగ్గర ఏం జరుగుతోందో, ఎక్కడ పని ఆగుతోందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ముందు సొమ్ము సంగతి. 2024 జూలై 1 నుంచి వృద్ధులు, వితంతువులు, ఒంటరి మహిళలు, చేనేత, కల్లుగీత, మత్స్యకారులు, చర్మకారులు, డప్పు కళాకారులు, ట్రాన్స్‌జెండర్ల పింఛను నెలకు రూ.3,000 నుంచి రూ.4,000 అయింది. ఆ నెలలో ఏప్రిల్, మే, జూన్ పెంపు బకాయి కలిపి రూ.7,000 ఇచ్చారు. దివ్యాంగులకు రూ.6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, కండరాల క్షీణత తీవ్రంగా ఉన్నవారికి రూ.15,000. డయాలసిస్ చేయించుకునేవారికి, కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి జరిగినవారికి, తలసేమియా బాధితులకు రూ.10,000. 2014 సెప్టెంబరు దాకా వృద్ధాప్య పింఛను నెలకు రూ.200 ఉండేదంటే ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది.

ఇందులో కేంద్రం వాటా ఇప్పటికీ అక్కడే ఉంది. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను కింద 60 నుంచి 79 ఏళ్లవారికి నెలకు రూ.200, ఎనభై దాటితే రూ.500. 200 అన్నది 2007 నాటి అంకె. దేశం మొత్తానికి జాతీయ సామాజిక సహాయ పథకానికి 2025-26 బడ్జెట్‌లో పెట్టింది రూ.9,652 కోట్లు. గ్రామీణాభివృద్ధి మీద పార్లమెంటు స్థాయీ సంఘం ఈ మొత్తం పెంచమని పదేపదే సిఫారసు చేసింది. అంటే రూ.4,000లో దాదాపు భారమంతా రాష్ట్ర ఖజానాదే. అమలాపురం, నరసాపురం ఎంపీలు ఎవరైనా సరే, ఏ పార్టీ అయినా సరే, లోక్‌సభలో పదేపదే అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇక పంపిణీ. గ్రామ సచివాలయం ఉద్యోగులు ముందురోజే బ్యాంకు నుంచి నగదు తెచ్చుకుంటారు. ఒక్కొక్కరికి సుమారు 50 ఇళ్లు. యాభై ఇళ్లకు నాలుగేసి వేలంటే రెండు లక్షలు చేతిలో పెట్టుకుని తిరగాలి. ఒకటో తారీఖు ఆదివారమో సెలవో అయితే ముందురోజే ఇచ్చేస్తున్నారు. 2024 సెప్టెంబరు పింఛను ఆగస్టు 31నే ఇచ్చారు, 2025 జనవరిది డిసెంబరు 31న. ఊళ్లో ముసలివాళ్లు క్యాలెండరు చూసుకోకపోయినా సచివాలయం వాట్సాప్ గ్రూపులో ఈ మార్పు ముందే పెడతారు. ఇంట్లో ఎవరో ఒకరు ఆ గ్రూపులో ఉండటం మంచిది. మొదటిరోజే చాలావరకు అయిపోతుంది, మిగిలినవాళ్లకు రెండోరోజు. ఆ తర్వాత మిగిలిన నగదు తిరిగి జమ చేసేయాలి గనక, మూడోరోజు వెళ్లి బతిమాలినా ఉద్యోగి చేతిలో ఏమీ ఉండదు.

ఇచ్చే సొమ్ము పూర్తిగా ఇవ్వాలి. నాలుగు వేలంటే ఎనిమిది ఐదువందల నోట్లు, అక్కడే లెక్కపెట్టుకోవాలి. ఇంటిపన్ను బకాయి, చందా, దారి ఖర్చు, ఏ పేరుతోనూ పింఛనులో పట్టుకోకూడదు. పన్ను కట్టాలంటే పింఛను మొత్తం తీసుకున్నాక, రసీదు మీద విడిగా కట్టాలి.

వేలిముద్ర పడకపోవడమే గుమ్మం దగ్గర ఎక్కువగా వచ్చే చిక్కు. ఆధార్ సంస్థ నిబంధన ప్రకారం పాత ఎల్-0 స్కానర్ల స్థానంలో ఎల్-1 పరికరాలు వచ్చాయి. నకిలీ వేలిని పసిగట్టడంలో ఇవి గట్టివే. అయితే అరిగిన వేలికి ఏ పరికరమైనా ఇబ్బందే. డెల్టాలో వేళ్లు అరిగే పనులే ఎక్కువ: కొబ్బరి ఒలుపు, పీచు పని, వరి నాట్లు, రొయ్యల షెడ్డులో మంచునీళ్లలో గంటలకొద్దీ తల తీసి పొట్టు ఒలవడం. షెడ్డు నుంచి నేరుగా వచ్చి వేలు పెడితే తడికి ముడతలుపడ్డ చర్మం మీద గీతలు సరిగా అందవు. చేతులు తుడుచుకుని కాసేపు ఆరనివ్వాలి. పొడిబారి పగిలిన వేలైతే ముందురోజు రాత్రి కొంచెం కొబ్బరినూనె రాసి, పొద్దున్న సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడవాలి. నూనె మిగిలి ఉంటే మళ్లీ పడదు. స్కానరు అద్దం మీద ముందువాళ్ల మరకలు ఉంటాయి, మెత్తటి గుడ్డతో తుడవమని అడగండి. అందరూ బొటనవేలే పెడతారు గాని, పనిచేసే చేతిలో మొదట అరిగేదీ అదే. ఉంగరపు వేలు, ఎడమచేతి చూపుడువేలు ప్రయత్నించాలి. గట్టిగా నొక్కితే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, మెల్లగా ఆనిస్తే చాలు.

వేలు కుదరకపోతే కనుపాప, అదీ కుదరకపోతే ముఖం చూసి గుర్తించే పద్ధతి ఉంది. శుక్లాలు ముదిరినవాళ్లకు కనుపాప దగ్గర ఇబ్బంది వస్తుంది. ముఖానికి వెలుతురు కావాలి. పాకలోపల చీకట్లో, వెనక కిటికీ ఉన్నచోట కూర్చోబెడితే పని జరగదు. అరుగు మీద, వెలుతురు వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టి, కళ్లు ఆర్పమన్నప్పుడు ఆర్పాలి. ఆధార్‌లో పదేళ్లనాటి ఫొటో ఉండి మనిషి బాగా చిక్కిపోతే పోలిక కుదరకపోవచ్చు. ఇవేవీ పనిచేయనివాళ్లకు ఉద్యోగి తన ముద్రతో బాధ్యత తీసుకుని ఇచ్చే ఆర్‌బీఐఎస్ అనే పద్ధతి ఉంది. ‘ముద్ర పడలేదు, వచ్చే నెల చూద్దాం’ అన్న జవాబుతో తిరిగి వెళ్లనివ్వకండి, ఈ పేరు చెప్పి అడగండి. రెండు నెలలు వరసగా ఇబ్బంది పడితే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా వేయించుకోవాలి. 2025 అక్టోబరు నుంచి దానికి రుసుము రూ.125. ఫొటో కూడా అప్పుడే మారుతుంది.

ఇంటి దగ్గరే ఇవ్వాలన్న నియమం నిలబడటానికి యాప్‌లో స్థలం కూడా నమోదవుతుంది. ఇంటికి 300 మీటర్లు దాటి ఇస్తే కారణం రాయాలి. అందరినీ రామాలయం దగ్గరికో సచివాలయం దగ్గరికో రమ్మనకుండా ఇది కాపాడుతుంది, మంచి నియమం. సిగ్నల్ అందని లంకల్లో మాత్రం ఏటిగట్టు ఎక్కితేనే యాప్ పనిచేసే చోట్లున్నాయి. అక్కడ ఉద్యోగిని తప్పుపట్టి లాభం లేదు. నడవలేనివాళ్ల ఇంటికి రావడమే ముఖ్యం, నడవగలిగినవాళ్లు గట్టు దాకా వెళ్లి సర్దుకోవచ్చు.

బ్యాంకు ఖాతాలో వేస్తే సరిపోతుంది కదా, ఇంతమంది ఉద్యోగులు తిరగడం ఎందుకు అన్న వాదన అప్పుడప్పుడూ లేస్తుంది. దాని సంగతి 2024లో తేలిపోయింది. ఎన్నికల సంఘం వాలంటీర్లను పంపిణీకి దూరం పెట్టాక ఏప్రిల్‌లో ముసలివాళ్లు ఎండలో సచివాలయాల దగ్గరికి నడిచారు. మే నెలలో చాలామందికి ఖాతాల్లో వేశారు. వాడక ఆగిపోయిన ఖాతాలు, కనీస నిల్వ లేదని కోత, ఆధార్ మరో బ్యాంకుకు జతయి ఉండటం వల్ల సొమ్ము ఎక్కడ పడిందో తెలియకపోవడం, ఇవన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. లంకలో ఉండే తాతయ్య మండల కేంద్రంలోని బ్యాంకుకు రావాలంటే పడవ, ఆటో, ఒక తోడు, ఒకరి కూలి పోవడం. పింఛను ఇంటికే రావాలి. ఈ విషయంలో ఇటు ప్రభుత్వం మారినా అటు ప్రభుత్వం మారినా వెనక్కి పోకూడదు. 2020 ఫిబ్రవరిలో వాలంటీర్లతో మొదలైన ఇంటింటి పంపిణీని 2024 జూలై నుంచి సచివాలయం ఉద్యోగులతో కొనసాగించడం రెండు ప్రభుత్వాలూ కలిసి నిలబెట్టిన మంచి పనే.

వరదరోజుల సంగతి డెల్టాకు ప్రత్యేకం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పి.గన్నవరం మండలంలో బూరుగులంక రేవు దగ్గర తాత్కాలిక గట్టు కొట్టుకుపోయిందంటే నాలుగు లంక గ్రామాల రాకపోకలకు పడవే దిక్కు. అటువైపు ఆచంట మండలం అయోధ్యలంకకూ, కాజ్‌వే మునిగినప్పుడు కనకాయలంకకూ ఇదే పరిస్థితి. జూలై, ఆగస్టు, సెప్టెంబరు ఒకటో తారీఖుల్లో ఏటికి నీరు వస్తే నగదు సంచితో ఉద్యోగులు పడవెక్కాలి. పునరావాస కేంద్రానికి వెళ్లినవాళ్లు ఆధార్ కార్డు, పింఛను కార్డు వెంట తీసుకెళ్లాలి, ఉద్యోగికి ఫోను చేసి ఎక్కడున్నామో చెప్పాలి. ఇల్లు మునిగింది గనక అక్కడే ఇవ్వమని అడగడం సబబే.

ఆ నెల అందకపోయినా కంగారు పడనక్కర్లేదు. 2024 డిసెంబరు నుంచి ఒక నెల తీసుకోకపోతే రెండో నెల రెండూ కలిపి, రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెల మూడూ కలిపి ఇస్తున్నారు. వరసగా మూడు నెలలు తీసుకోకపోతే వలస వెళ్లినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికో, కూతురు గల్ఫ్‌లో ఉంటే మనవల్ని చూసుకోవడానికి మరో ఊరికో వెళ్లే కోనసీమ పెద్దవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. మూడో నెల ఒకటో తారీఖుకు ఊళ్లో ఉండాలి. ఆగిపోతే సచివాలయంలో తిరిగి దరఖాస్తు పెట్టుకోవాలి. రాష్ట్రంలోనే మరో ఊళ్లో స్థిరపడితే పింఛనును ఆ ఊరి సచివాలయానికి మార్పించుకోవచ్చు, రాష్ట్రం దాటితే కుదరదు.

ఇప్పటిదాకా చెప్పింది ఉన్నవాళ్ల సంగతి. అసలు లోటు చేరికలో ఉంది.

ప్రభుత్వం మారాక కొత్త పింఛన్లలో ముందుగా కదిలింది స్పౌజ్ (జీవిత భాగస్వామి) విభాగం. 2024 నవంబరు 1 తర్వాత పింఛను తీసుకునే భర్త చనిపోతే, మరణ ధ్రువపత్రం ఇచ్చిన భార్యకు మరుసటి నెల నుంచే పింఛను వస్తుంది. 2023 డిసెంబరు 1 నుంచి 2024 అక్టోబరు 31 మధ్య భర్త పోయినవారికీ 2025లో ఈ అవకాశం ఇచ్చారు. పంచాయతీలో మరణం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ధ్రువపత్రం త్వరగా వస్తుంది. ఆలస్యమైతే దానికే తిరగాలి, ఆ నెలల పింఛను పోతుంది. దినకార్యాల హడావిడిలో ఇంటి మగవాళ్లు ఈ పని వాయిదా వేయకూడదు.

కానీ ఈ వెసులుబాటు భర్తకు పింఛను ఉన్న ఇళ్లకే. వేటకు వెళ్లి తిరిగిరాని ముప్పై అయిదేళ్ల మత్స్యకారుడి భార్య, కొబ్బరిచెట్టు మీంచి పడి చనిపోయిన దింపు కార్మికుడి భార్య ఈ దారిలో రారు. వాళ్లు మామూలు కొత్త దరఖాస్తు కోసం ఎదురుచూడాలి. చిన్నపిల్లలున్న ఇల్లు ఎక్కువకాలం ఎదురుచూడటం, పెద్దవయసు వచ్చిన ఇంటికి నెలలోపే అందడం: పథకంలో ఇంతకంటే బాధ కలిగించే లోపం లేదు. పింఛను ఉన్న ఇంటికి ఇచ్చిన వేగమే లేని ఇంటికీ ఇవ్వడానికి చట్టం అడ్డు రాదు, దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకుంటే చాలు.

దరఖాస్తు పెట్టేముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి ఉన్నాయి. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు రూ.10,000, పట్టణంలో రూ.12,000 దాటకూడదు. భూమి మాగాణి అయితే 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు, రెండూ కలిపినా 10 లోపు. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గాని ఆదాయపు పన్ను కట్టేవారు గాని ఉండకూడదు.

పొరపాటు ఎక్కువగా జరిగేది కరెంటు దగ్గర, భూమి దగ్గర, కుటుంబం లెక్క దగ్గర. కింద ఉండి పైభాగం అద్దెకిచ్చిన ఇంటికి రెండు మూడు మీటర్లుంటే అన్నీ ఒకే ఆధార్‌కు జతై యూనిట్లు కలిసిపోతాయి. బిల్లులు తీసుకెళ్లి విద్యుత్ కార్యాలయంలో ఆధార్ జత సరిచేయించుకోవాలి. ఎప్పుడో అమ్మేసిన చేను కొన్నవాళ్లు మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకోకపోతే 1-బి భూమి రికార్డులో ఇంకా పాత పేరే ఉంటుంది, అనర్హత అని వచ్చేస్తుంది. దస్తావేజు నకలుతో మ్యుటేషన్‌కు పెట్టించడమే మందు. వేరుపడి ఉద్యోగం చేస్తున్న కొడుకు సచివాలయం లెక్కలో ఇంకా తల్లిదండ్రుల కుటుంబంలోనే ఉంటే తల్లికి రాదు. పెళ్లయిన కొడుకును ముందుగా రేషన్ కార్డులో విడదీయించాలి. ఈ మూడూ సరిచేయకుండా దరఖాస్తు పెడితే కంప్యూటరే తిప్పిపంపుతుంది, ఉద్యోగితో గొడవపడి ప్రయోజనం ఉండదు.

మాగాణి 3 ఎకరాల నిబంధన డెల్టాకు అన్యాయంగానే ఉంది. ధవళేశ్వరం కాలువనీరు చేరేదంతా రికార్డులో మాగాణే, పదెకరాల మెట్ట వెసులుబాటు ఇక్కడ దాదాపు ఎవరికీ పనికిరాదు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు శివారు చేలల్లో మురుగు దిగక, ఉప్పు పట్టి పంట చేతికి రావడమే కష్టం. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్ వేయకుండా పంట విరామం పాటించడానికి ఇదీ ఒక కారణం. ఆ చేను మూడున్నర ఎకరాలున్న ముసలాయన రికార్డులో స్థితిమంతుడు, ఇంట్లో కాదు. అమలాపురం, ముమ్మిడివరం ఎమ్మెల్యేలు ప్రశ్నోత్తరాల్లో అడగదగ్గది ఇది.

ఆరోగ్య పింఛన్లలో డెల్టాకు దగ్గరిది బోదకాలు. గోదావరి జిల్లాలు ఫైలేరియాకు పాత స్థావరాలు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని మోస్తుంది, సామూహికంగా డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగించేదీ ఇందుకే. ఈ జబ్బుకు రూ.10,000 పింఛను ఉంది, కానీ రెండు కాళ్లకూ నాలుగో దశ ఉండాలి. ఒక కాలు ఏనుగుకాలంత అయి, చీము కారుతూ, చేలోకి దిగలేని మనిషికి ఈ విభాగంలో చోటు లేదు. ఒక కాలికైనా ముదిరిన దశలో కనీసం దివ్యాంగుల స్థాయి సాయం ఇవ్వాలి. అప్పటిదాకా సదరం శిబిరంలో (వైద్యులు వైకల్య శాతం తేల్చి పత్రం ఇచ్చేచోట) నడక ఇబ్బందిని కొలిపించుకుని, దివ్యాంగుల పింఛనుకు కావాల్సిన 40 శాతం వస్తుందేమో చూసుకోవడమే మిగిలిన దారి.

డయాలసిస్‌వారికి సచివాలయం కంటే ఆస్పత్రి కాగితమే ఆధారం. డయాలసిస్ మొదలైన వారంలోనే పింఛను సంగతి ఆస్పత్రిలో అడిగి, వైద్యుడి ధ్రువపత్రం తీసుకుని పెట్టుకోవాలి. వారానికి రెండు మూడుసార్లు రానుపోను ప్రయాణం, తోడు మనిషి కూలి పోవడం కలిపితే పదివేలు మిగిలే సొమ్ము కాదు.

దివ్యాంగుల పునఃపరిశీలన 2025 జనవరిలో మొదలైంది. 40 శాతం కంటే తక్కువ తేలినవారికి ఆగస్టులో నోటీసులు వచ్చాయి, గొడవయ్యాక అప్పీలు చేసుకున్నవారికి పింఛను కొనసాగించారు. నోటీసు వస్తే పల్లెలో ఎంపీడీఓకు, పట్టణంలో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు పెట్టాలి. పాత సదరం పత్రం, ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు అన్నీ జతచేయాలి. శాతం తగ్గినా 60 ఏళ్లు దాటి ఉంటే వృద్ధాప్య పింఛనుకు మార్చమని అదే దరఖాస్తులో రాయాలి. అనర్హులను తీయడం సరైనదే. కానీ చెవుడు, మానసిక వైకల్యం వంటివి అయిదు నిమిషాల చూపులో తేలేవి కావు, వాటికి పరీక్ష సమయం ఎక్కువ ఇవ్వాలి.

సభలో వాదన చాలావరకు సంఖ్య మీదే నడిచింది. 2024 జూలైలో 65.18 లక్షలున్న పింఛన్లు తర్వాత 63 లక్షల దగ్గరికి వచ్చాయి. కోత అని ప్రతిపక్షం, మరణాలూ అనర్హులూ అని ప్రభుత్వం. మరణాలు నెలనెలా ఉంటాయి గనక, కొత్తవాళ్లు చేరకపోతే సంఖ్య దానంతటదే తగ్గుతుంది. అందుకే మంత్రిని అడగాల్సింది ఎంతమందిని తీసేశారని మాత్రమే కాదు, 60 నిండిన ఎంతమంది దరఖాస్తు కోసం ఎదురుచూస్తున్నారు, ఒక్కో మండలంలో ఎంతకాలంగా అని. ఆ పట్టిక సభ ముందు పెడితే వాదన సగం తీరిపోతుంది.

నేనిచ్చే మార్కులు ఇవి: పంపిణీకి అయిదుకు నాలుగున్నర. వరదరోజుల ఏర్పాటుకు మూడున్నర. కొత్త చేరికకు ఒకటిన్నర, అదీ స్పౌజ్ విభాగం వల్ల. ఫిర్యాదు ఏర్పాటుకు మూడు మార్కులు. 1100కు ఫోను చేయవచ్చు, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. అర్జీ ఇస్తే నంబరున్న రసీదు తీసుకోకుండా రాకండి. ‘పరిష్కరించాం’ అని ఫోనుకు సందేశం వచ్చి పని జరగకపోతే, అదే నంబరు మీద తిరిగి తెరవమని అడగాలి. కొత్త అర్జీ పెడితే పాతది ముగిసినట్టే లెక్కలో ఉంటుంది.